జో కాల్జాగీ 46-0: ప్రత్యర్థి పేరు పక్కన తేదీ కూడా చదవండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "వేల్స్ బాక్సర్ జో కాల్జాగీ 46 బౌట్లలో ఒక్కటీ ఓడకుండా 2009లో రిటైరయ్యాడు. అయినా సగం మంది అతను ఇంటి దగ్గరే కూర్చుని, ఏరికోరి ప్రత్యర్థుల్ని తెచ్చుకుని బెల్టు కాపాడుకున్నాడంటారు. మిగతా సగం సూపర్ మిడిల్‌వెయిట్‌లో (168 పౌండ్ల బరువు విభాగం) అంతటివాడు లేడంటారు. ఎవరిని నమ్మాలి?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 2001 నుంచి 2005 దాకా అతని రికార్డులో పెద్ద గొయ్యి ఉంది. అభిమానులు దాన్ని ఎంత కప్పినా కనబడుతూనే ఉంటుంది. 2006లో జెఫ్ లేసీ, 2007లో మిక్కెల్ కెస్లర్ మీద గెలుపులు మాత్రం నిక్కమైనవి. 2008లో బెర్నార్డ్ హాప్కిన్స్ మీద గెలుపు విలువ జనం అనుకునేదానికన్నా ఎక్కువ. రాయ్ జోన్స్ మీద గెలుపుకి నేనైతే దాదాపు సున్నా వేస్తాను. "భయపడి తప్పించుకున్నాడు" అన్న ఆరోపణ ఒకటి రెండు చోట్ల తప్ప నిలబడదు.

ఇందులో సగం గొడవ ప్రత్యర్థి ఎలా ఖరారవుతాడో తెలియకపోవడం వల్ల వస్తుంది. మనవాళ్ళు ఎక్కువగా చూసేది అమెచ్యూర్ బాక్సింగ్. అక్కడ డ్రా ఎవర్ని ఇస్తే వాళ్ళతో తలపడాల్సిందే. నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయి ఉండి 2024 పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్తే, సీడింగ్ లేకపోవడంతో ప్రీక్వార్టర్స్‌లోనే టాప్ సీడ్ వూ యూ ఎదురైంది. కథ అక్కడితో ముగిసింది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో డ్రా ఉండదు. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంస్థలు, ప్రతి బరువులో నాలుగు బెల్టులు. చాంపియన్ తన సంస్థ నంబర్ వన్ ర్యాంకర్‌తో నిర్ణీత గడువులోపు తలపడాలి. అది తప్పనిసరి డిఫెన్స్. మిగతావి ఐచ్ఛికం: మొదటి 15 ర్యాంకుల్లో ఉన్న ఎవర్నైనా తెచ్చుకోవచ్చు. తప్పనిసరి బౌట్‌కి రెండు వర్గాల మధ్య బేరం కుదరకపోతే వేలం పెడతారు. ఎక్కువ పాడిన ప్రమోటర్ ఎక్కడంటే అక్కడ బౌట్. ప్రతి బౌట్‌కీ చాంపియన్ పారితోషికంలోంచి సంస్థకు కొంత శాతం ఫీజు పోతుంది. కాబట్టి చాంపియన్ ఎన్నిసార్లు బరిలోకి దిగితే సంస్థకు అంత ఆదాయం. పెద్ద బౌట్ కోసం ఏడాది ఖాళీగా ఆగమని ఏ సంస్థా చెప్పదు.

అందుకని "ఎవర్ని ఎంచుకున్నాడు" అని నిలదీసేముందు ఆ బౌట్ తప్పనిసరిదా, ఐచ్ఛికమా అని చూడాలి. ఆ తర్వాత ప్రత్యర్థి రికార్డు పేజీ తెరిచి, ఆ తేదీకి ముందు అతని చివరి ఐదారు బౌట్లు చదవండి. మొత్తం గెలుపోటములు కాదు, ఆ ఐదారే. వయసు, అతను మామూలుగా దిగే బరువు, బౌట్‌కి ఎన్నాళ్ళ ముందు ఒప్పుకున్నాడు అన్నవి చూడండి. చివరగా, ఆ ఓటమి తర్వాత అతనేం సాధించాడో చూడండి. ఓడాక పెద్ద గెలుపులు ఉంటే ఆ రోజు అతనిలో సత్తా ఉన్నట్టే. మరుసటి బౌట్ నుంచే వరసగా ఓడితే రెండు అర్థాలు రావచ్చు: అప్పటికే అయిపోయినవాడు, లేదా ఈ బౌటే అతన్ని పాడు చేసింది. ఏది నిజమో తేలాలంటే వీడియో చూడాల్సిందే.

ఇక కాల్జాగీ సంగతి. 1997 అక్టోబరు 11న షెఫీల్డ్‌లో ఖాళీగా ఉన్న డబ్ల్యూబీఓ టైటిల్ గెలిచాడు. అసలు ప్రత్యర్థి స్టీవ్ కాలిన్స్ తప్పుకోవడంతో రెండు వారాలు కూడా లేని వ్యవధిలో మాజీ చాంపియన్ క్రిస్ యూబ్యాంక్ వచ్చాడు. మొదటి రౌండ్ మొదట్లోనే యూబ్యాంక్ కిందపడ్డాడు. అయినా లేచి 12 రౌండ్లూ నిలబడ్డాడు. "వ్యవధి లేని, వయసు మళ్ళిన యూబ్యాంక్" అని కొట్టిపారేసేవాళ్ళు తర్వాతి ఏడాది చూడాలి. 1998లో అదే యూబ్యాంక్ ఇంకా పై బరువైన క్రూజర్‌వెయిట్‌కి ఎక్కి కార్ల్ థాంప్సన్‌తో రెండుసార్లు భీకరంగా పోరాడాడు. రెండూ ఓడాడు, కానీ అయిపోయినవాడి తీరు కాదది. ఆ గెలుపుకి మంచి మార్కులే వేయాలి.

1999 ఫిబ్రవరిలో న్యూకాజిల్‌లో రాబిన్ రీడ్ మీద గెలిచింది స్ప్లిట్ డెసిషన్. అంటే ముగ్గురు జడ్జీల్లో ఒకరు రీడ్‌కే ఇచ్చారు. రీడ్ అంతకుముందు డబ్ల్యూబీసీ చాంపియన్. కాల్జాగీ కెరీర్‌లో నిజంగా ఓటమి అంచుదాకా వెళ్ళిన బౌట్లు రెండు. ఒకటి ఇది, రెండోది హాప్కిన్స్‌తో. రీడ్‌తో మళ్ళీ తలపడలేదన్నది న్యాయమైన ఫిర్యాదే. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది. 2000లో ఒమర్ షైకాని, మాజీ డబ్ల్యూబీసీ చాంపియన్ రిచీ వుడ్‌హాల్‌ని 12 రౌండ్లు పూర్తికాకముందే ఆపేశాడు. అప్పటిదాకా ఫర్వాలేదు.

గొయ్యి ఆ తర్వాతది. 2001 ఏప్రిల్ నుంచి 2005 సెప్టెంబరు దాకా పది డిఫెన్స్‌లు. వరసగా పేర్లు: మారియో వైట్, విల్ మెకింటైర్, చార్ల్స్ బ్రూవర్, మిగెల్ హిమెనెజ్, టాకర్ పుడ్‌విల్, బైరన్ మిచెల్, మ్గెర్ మ్కర్చ్యన్, కబరీ సాలెం, మళ్ళీ వైట్, ఎవాన్స్ అషీరా. ఇందులో ప్రపంచ స్థాయి అనదగ్గవాళ్ళు ఇద్దరే. బ్రూవర్ ఐబీఎఫ్ మాజీ చాంపియన్, మిచెల్ డబ్ల్యూబీఏ మాజీ చాంపియన్. వైట్‌తో రెండో బౌట్ కోసం జర్మనీ వెళ్ళాడు, సరే. మెకింటైర్‌తో బౌట్ కోపెన్‌హేగన్‌లో, టైసన్ బౌట్‌కి ముందు జరిగే చిన్న బౌట్లలో ఒకటిగా జరిగింది. మిగతావాళ్ళని ఏ వాదనతోనూ పైకి లేపలేం. కాల్జాగీ 29 ఏళ్ళ నుంచి 33 ఏళ్ళ దాకా, అంటే బాక్సర్ ఒంట్లో బలం నిండుగా ఉండే కాలమంతా ఇలా పోయింది.

ఎందుకిలా జరిగింది అంటే తిలా పాపం తలా పిడికెడు. మొదటి కారణం చేతులు. కాల్జాగీ ఎడమచేతివాటం. గుద్దుల్లో చాలాభాగం పిడికిలి ముందుభాగంతో కాకుండా గ్లవ్ లోపలివైపు తగిలేవి. విమర్శకులు దీన్ని చెంపదెబ్బలని వెక్కిరించారు. నిజానికి చేతి ఎముకలు పదేపదే దెబ్బతినడం వల్ల అలవాటైన పద్ధతి అది: బరువు తగ్గించి సంఖ్య పెంచడం. మొత్తం 46లో 32 బౌట్లు గడువుకి ముందే ముగించినవాడు చివరి ఏడింటిలో ఆపింది ఒక్కటే. అషీరాతో ఎడమ చేయి విరిగింది, ఒంటిచేత్తో గెలిచాడు. దాని వల్ల జెఫ్ లేసీతో బౌట్ 2005 నవంబరు నుంచి 2006 మార్చికి వాయిదా పడింది. గ్లెన్ జాన్సన్‌తో కుదిరిన బౌట్లు కూడా గాయాలతోనే పోయాయి. ఆ జాన్సన్ 2004లో రాయ్ జోన్స్‌ని నాకౌట్ చేసి, అదే ఏడాది జోన్స్‌ని పడగొట్టిన ఆంటోనియో టార్వర్‌నీ ఓడించాడు. అది జరిగి ఉంటే గొయ్యి సగం పూడేది.

రెండో కారణం ప్రమోటర్ లెక్క. ఫ్రాంక్ వారెన్‌కి కార్డిఫ్‌లో టికెట్లు అమ్ముడయ్యే చాంపియన్, బ్రిటిష్ టీవీ ఒప్పందం రెండూ చేతిలో ఉన్నాయి. ప్రమాదం తక్కువ, ఆదాయం ఖాయం. అమెరికాలో అప్పటికింకా డబ్ల్యూబీఓ బెల్టుని పెద్దగా లెక్కచేసేవాళ్ళు కారు. కాబట్టి అక్కడి పెద్ద పేర్లకి ఇటు రావాల్సిన అవసరమూ కనబడలేదు. బెర్నార్డ్ హాప్కిన్స్‌తో 2002లో మాటలు నడిచాయి. ముప్పై లక్షల డాలర్లకి ఒప్పుకుని వెంటనే రెట్టింపు అడిగాడన్నది కాల్జాగీ వర్గం మాట. రాయ్ జోన్స్ అప్పుడు పై బరువులో, 175 పౌండ్ల దగ్గర రాజ్యమేలుతున్నాడు. అతన్ని వేల్స్‌కి రప్పించే శక్తి ఎవరికీ లేదు. వీటిని కాల్జాగీ ఖాతాలో వేయడం అన్యాయం.

స్వెన్ ఓట్కె విషయం మాత్రం వేరు. జర్మనీకి చెందిన ఓట్కె దగ్గర ఐబీఎఫ్ బెల్టు, ఆ తర్వాత డబ్ల్యూబీఏది కూడా. బరువు ఒకటే, కాలం ఒకటే, మధ్యలో గంటన్నర విమాన ప్రయాణం. ఇద్దరూ ఓటమి ఎరుగరు. ఇద్దరికీ చెరి 21 డిఫెన్స్‌లు. 2004లో ఓట్కె 34-0తో రిటైరయ్యాడు. ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. దాదాపు అన్నీ జర్మనీలోనే ఆడిన ఓట్కె బయటికి రాడు. జర్మనీలో పాయింట్ల మీద గెలవడం కష్టమని కాల్జాగీ వర్గం వెళ్ళదు. ఇక్కడ ఉమ్మడి ప్రత్యర్థులు కొంత పనికొస్తారు. బ్రూవర్ మీద ఓట్కె రెండుసార్లూ ఇరుకున పడి బయటపడ్డాడు, కాల్జాగీ 2002లో స్పష్టమైన తేడాతో గెలిచాడు. మిచెల్‌ని 2003 మార్చిలో ఓట్కె స్ప్లిట్ డెసిషన్‌తో దాటాడు. మూడు నెలలకే అదే మిచెల్ కార్డిఫ్‌లో కాల్జాగీని కెరీర్‌లో మొదటిసారి నేలకి దించాడు. కాల్జాగీ లేచి అదే రౌండ్‌లో, రెండో రౌండ్‌లోనే, మిచెల్‌ని ఆపేశాడు. ప్రత్యర్థి అదే, మధ్యలో మూడు నెలలే. ఇంతకన్నా శుభ్రమైన పోలిక బాక్సింగ్‌లో అరుదుగా దొరుకుతుంది. ఓట్కెతో జరిగి ఉంటే కాల్జాగీ గెలిచేవాడనే నేను అంటాను. కానీ జరగని బౌట్‌కి మార్కులు వేయలేం.

ఈ ఉమ్మడి ప్రత్యర్థి లెక్క ఎక్కడ బోల్తా కొట్టిస్తుందో కూడా ఈ రికార్డులోనే ఉంది. కాల్జాగీని 1999లో 12 రౌండ్లూ ఇబ్బంది పెట్టిన రీడ్‌ని 2005 ఆగస్టులో లేసీ ఏడు రౌండ్లలో చితక్కొట్టాడు. లేసీ అప్పటికి ఐబీఎఫ్ చాంపియన్, ఓటమి లేదు, ఎడమ హుక్ (పక్కనుంచి విసిరే గుద్దు) పిడుగు. "రీడ్‌నే అలా కొట్టాడంటే కాల్జాగీ పని అయిపోయినట్టే" అని చాలామంది రాశారు. ఆ ఆరేళ్ళలో రీడ్ ముసలివాడైపోయాడన్నది లెక్కలోకి రాలేదు. 2006 మార్చి 4 రాత్రి దాటాక, అమెరికా టీవీ టైముకి తగ్గట్టు మాంచెస్టర్‌లో మొదలైన బౌట్‌లో కాల్జాగీ వెయ్యికి పైగా గుద్దులు విసిరాడు. జడ్జీల స్కోరు కార్డులు (రౌండ్ గెలిచినవాడికి 10 చొప్పున 12 రౌండ్ల మొత్తం) 119-107, 119-107, 119-105. లేసీ 12వ రౌండ్‌లో కిందపడ్డాడు కూడా.

ఆ బౌట్‌లో ఒక్క విషయం గమనించండి. లేసీ హుక్ పనిచేయాలంటే ముందు కాలు నాటుకోవాలి. కాల్జాగీ దూరంగా పారిపోలేదు. లేసీ కాలు నాటుకునే లోపే రెండు మూడు తేలిక గుద్దులు వేసి పక్కకి తిరిగేవాడు. లేసీ మళ్ళీ కాళ్ళు సర్దుకోవాలి, సర్దుకునేసరికి మళ్ళీ గుద్దులు. ఆ "చెంపదెబ్బలు" నాకౌట్ కోసం కావు, ఎదుటివాడి లయ తెంచడానికి. తర్వాత లేసీ భుజం గాయంతో, ఓటములతో దిగజారాడు. అందుకే కొందరు ఈ గెలుపుని తగ్గిస్తారు. నా లెక్కలో ఆ రోజు లేసీ దిగజారినవాడు కాదు, 28 ఏళ్ళ చాంపియన్. ప్రదర్శనకి పూర్తి మార్కులు, ప్రత్యర్థి స్థాయికి కొంచెం తక్కువ.

లేసీతో బౌట్ తర్వాత కాల్జాగీ చేసిన పని మాత్రం విమర్శకులకి చేజేతులా ఇచ్చిన ఆయుధం. లేసీ నుంచి గెలుచుకున్న ఐబీఎఫ్ బెల్టుకి తప్పనిసరి ప్రత్యర్థి రాబర్ట్ స్టీగ్లిట్జ్. అతనితో తలపడకుండా ఆ బెల్టే వదిలేసి, 2007 ఏప్రిల్‌లో రియాలిటీ షోతో పేరొచ్చిన పీటర్ మాన్‌ఫ్రెడోని కార్డిఫ్ స్టేడియానికి పిలిచాడు. మూడో రౌండ్‌లో రెఫరీ ఆపేశాడు, అదీ తొందరపాటేనని గోల. ఇది పక్కాగా ఏరికోరి తెచ్చుకున్న బౌట్. ఇక్కడ "సంస్థ ఒత్తిడి" అన్న సాకు చెల్లదు.

అదే ఏడాది నవంబరు 3న అదే మిలీనియం స్టేడియంలో, 50 వేల మంది ముందు మిక్కెల్ కెస్లర్. కెరీర్ మొత్తంలో ఒక్క గెలుపు ఏరమంటే నేను దీన్నే ఏరతాను. కెస్లర్ వయసు 28, రికార్డు 39-0, డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ రెండు బెల్టులూ అతనివే. కాల్జాగీకి 35. మొదటి నాలుగు రౌండ్లలో కెస్లర్ కుడి అప్పర్‌కట్ (కిందినుంచి గడ్డానికి వేసే గుద్దు) కాల్జాగీ దూరి వచ్చే దారిలో సూటిగా తగిలింది. వంగి దగ్గరికి వస్తే అప్పర్‌కట్‌కి గడ్డం అప్పజెప్పినట్టే. కాల్జాగీ అక్కడ పద్ధతి మార్చాడు. నడుము నిటారుగా ఉంచి, సగం అడుగు వెనక్కి నిలబడి, ఎడమ చేత్తో పొట్టకి సూటిగా కొట్టడం మొదలెట్టాడు. కెస్లర్ జాబ్ (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) వేసిన ప్రతిసారీ దాని మీదుగా తన జాబ్. కెస్లర్‌ది రెండు గుద్దుల తర్వాత ఆగి చూసుకునే శైలి. ఆ ఆగిన క్షణంలో కాల్జాగీ మూడోది, నాలుగోది వేసేవాడు. కార్డులు 117-111, 116-112, 116-112. కెస్లర్ తర్వాతి చరిత్ర చూడండి: 2010లో అప్పటి డబ్ల్యూబీసీ చాంపియన్ కార్ల్ ఫ్రాచ్‌ని ఓడించాడు. అంటే కార్డిఫ్‌లో ఓడింది పూర్తి సత్తా ఉన్న కెస్లరే.

హాప్కిన్స్ బౌట్ దగ్గర వాదన ఎప్పుడూ గింగిరాలు తిరుగుతుంది కాబట్టి కార్డుల్ని విప్పి చూద్దాం. 2008 ఏప్రిల్ 19, లాస్‌వెగాస్, 175 పౌండ్లు. మొదటి రౌండ్‌లోనే హాప్కిన్స్ కుడిచేతి పొట్టి గుద్దుకి కాల్జాగీ కిందపడ్డాడు. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, కిందపడితే 8. ఫలితం: ఇద్దరు జడ్జీలు కాల్జాగీకి 116-111, 115-112, మూడో జడ్జి హాప్కిన్స్‌కి 114-113. మొదటి రౌండ్ 10-8 అని పెట్టి లెక్కేస్తే 116-111 అంటే కాల్జాగీకి 9 రౌండ్లు, 115-112 అంటే 8 రౌండ్లు. 114-113 అంటే చెరి ఆరు. ఆ కార్డులో తేడా తెచ్చింది నాక్‌డౌన్ ఒక్కటే. అంటే ఏ జడ్జీ కూడా హాప్కిన్స్‌కి ఆరు రౌండ్లకి మించి ఇవ్వలేదు. "దోచేశారు" అనేవాళ్ళు ముందు ఈ సంగతికి జవాబు చెప్పాలి. జడ్జీలు చూసేవి నాలుగు: శుభ్రంగా తగిలిన గుద్దులు, ఫలితమిచ్చే దూకుడు, రింగ్ మీద పెత్తనం, రక్షణ. హాప్కిన్స్ తక్కువ వేసి గట్టిగా వేశాడు, పట్టుకుని వేలాడాడు. కాల్జాగీ ఎక్కువ వేశాడు, చాలా చేతులకే తగిలాయి. మొదటి అంశానికి బరువిస్తే హాప్కిన్స్, రెండోదానికి ఇస్తే కాల్జాగీ. దగ్గరి బౌటే, కానీ దోపిడీ కాదు.

"43 ఏళ్ళ ముసలివాణ్ణి కొట్టాడు" అన్న ఎత్తిపొడుపు పుట్టిన తేదీ చూసి అనేది, చేసిన పనులు చూసి కాదు. ఓడిన ఆరు నెలలకే హాప్కిన్స్, అప్పటికి ఓటమి లేని మిడిల్‌వెయిట్ చాంపియన్ కెల్లీ పావ్లిక్‌ని చిత్తు చేశాడు. 2011లో 46వ ఏట జాన్ పాస్కల్‌ని ఓడించి అతిపెద్ద వయసు చాంపియన్ అయ్యాడు. 2013లో 48వ ఏట ఇంకో బెల్టు. అదీగాక కాల్జాగీ కొత్త బరువుకి ఎక్కి, పరాయి దేశంలో, రెండు విభాగాలకీ మధ్యలో రాజీ బరువు పెట్టమన్న బేరమేదీ లేకుండా దిగాడు.

రాయ్ జోన్స్ దగ్గర ఈ వాదనే తిరగబడుతుంది. 2008 నవంబరు 8, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. జోన్స్ వయసు 39, హాప్కిన్స్ కన్నా నాలుగేళ్ళు చిన్న. కానీ చివరి బౌట్లు చదవండి: 2004లో టార్వర్ రెండో రౌండ్‌లో పడగొట్టాడు, అదే ఏడాది జాన్సన్ తొమ్మిదో రౌండ్‌లో, 2005లో మళ్ళీ టార్వర్ చేతిలో ఓటమి. ఆ తర్వాత గెలిచినవాటిలో పెద్ద పేరు ట్రినిడాడ్ ఒక్కడే, అతనూ అప్పటికే అయిపోయినవాడు. జోన్స్ ఆట అంతా మెరుపు కాళ్ళ మీద, చేతులు కిందికి వదిలేసే ధైర్యం మీద నడిచేది. వేగం తగ్గితే కింద ఆసరా ఏమీ లేదు. హాప్కిన్స్‌కి పాఠ్యపుస్తకం లాంటి రక్షణ ఉంది కాబట్టి వయసుని మోశాడు. జోన్స్‌తో మొదటి రౌండ్‌లో కాల్జాగీ మళ్ళీ కిందపడినా, ముగ్గురు జడ్జీలూ అతనికే 118-109 ఇచ్చారు. పై లెక్కతో చూస్తే జోన్స్‌కి దక్కింది ఆ ఒక్క రౌండే. చచ్చిన పామును కొట్టినట్టయింది. వారెన్‌తో విడిపోయాక ఈ ఎంపిక కాల్జాగీదే కాబట్టి ప్రమోటర్ మీదికి నెట్టే వీల్లేదు. నెల ముందే టార్వర్‌ని ఓడించిన చాడ్ డాసన్ అదే బరువులో, యువకుడు, అందుబాటులో ఉన్నాడు. కాల్జాగీ ఎంచుకున్నది డబ్బు, పేరు. 36 ఏళ్ళకి చేతులు అరిగిపోయినవాడు అలా చేయడం అర్థమవుతుంది. కానీ దాన్ని గొప్ప గెలుపుల జాబితాలో రాయొద్దు.

ఫ్రాచ్ సంగతి చాలామంది అడుగుతారు. ఫ్రాచ్ ఏళ్ళ తరబడి సవాలు విసిరింది నిజమే. కానీ అతను ప్రపంచ టైటిల్ గెలిచింది 2008 డిసెంబరులో, అదీ కాల్జాగీ వదిలేసిన డబ్ల్యూబీసీ బెల్టు. 2009 ఫిబ్రవరిలో కాల్జాగీ రిటైరయ్యాడు. మధ్యలో ఉన్నది రెండు నెలలు. దీన్ని భయం అనడానికి నాకైతే మనసొప్పదు.

సొంతంగా తేల్చుకోవాలంటే నాలుగు బౌట్లు ఈ వరసలో చూడండి: రీడ్, మిచెల్, కెస్లర్, హాప్కిన్స్. లేసీతో మొదలెట్టొద్దు, దాన్ని ముందే చూస్తే మిగతా మూడింట్లో కాల్జాగీ లోపాలు కంటికి ఆనవు. హాప్కిన్స్ బౌట్‌ని కామెంటరీ శబ్దం ఆపేసి చూడండి. ప్రతి రౌండ్ అవగానే, తర్వాతిది మొదలయ్యే లోపు, కాగితం మీద మీ స్కోరు వేయండి, వేశాక దిద్దొద్దు. మీ కార్డులో హాప్కిన్స్‌కి ఏడు రౌండ్లు వస్తే, ఆ ఏడోది ఏ రౌండో రాసి పంపండి, దాని గురించి మాట్లాడుకుందాం.